నాలుగింట్లో మూడు కొట్టేశాను

నల్లకుంట, హైదరాబాద్

అమ్మాయ్, ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. దాంతో పాటు పంపిన ఎక్సెల్ షీటు కూడా చూశాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కదా, విహారయాత్రకి కూడా రంగురంగుల గళ్లు గీశావు. తెల్లవారుజామున నాలుగింటికి కూకట్‌పల్లిలో బయల్దేరడం, ఎనిమిదిన్నరకి ఓర్వకల్లు రాళ్లు, పదకొండుకి యాగంటి, ఒంటిగంటకి బెలుం గుహలు, నాలుగున్నరకి గండికోటలో ఫొటోలు, రాత్రి పదకొండుకి ఇంట్లో పడక. కింద ఒక వాక్యం: "మీ అభిప్రాయం చెప్పండి సార్, ఆదివారం వచ్చి వ్యాసం రాసేస్తాను."

షీటు ప్రింటు తీయించి, నాలుగింట్లో మూడు ఎర్ర పెన్నుతో కొట్టేశాను. బెలుం ఒక్కటే ఉంచాను.

కోపం తెచ్చుకోకు, లెక్క చూడు. ఇక్కణ్ణుంచి కర్నూలు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అక్కణ్ణుంచి బెలుం ఇంకో నూటపది దాకా ఉంటుంది. దారిలో టీలు, టోల్‌గేట్లు కలుపుకుంటే పోవడానికి ఆరు గంటలు, రావడానికి ఆరు గంటలు. గండికోట ఇంకా అవతల. అక్కడ సూర్యాస్తమయం చూసి పదకొండుకల్లా ఎలా ఇల్లు చేరతావో ఆ గళ్లకే తెలియాలి. పైగా నువ్వు రాస్తానన్నది సున్నపురాయి గురించి. గండికోట ఎర్రరాయి జాతి వేరు, ఓర్వకల్లు రాళ్ల జాతి వేరు. యాగంటికి ఇంకోసారి మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని వెళ్లు. అక్కడి గుళ్లో నంది విగ్రహాన్నీ పుష్కరిణినీ పరుగుమీద చూస్తే వాళ్లు ఊరుకోరు.

ఈ తప్పు నేను చేసే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. బెలుం గుహలు 2002లో జనానికి తెరిచారు. ఆ తర్వాతి ఏడు ఎండాకాలంలో ఒక వారపత్రిక కోసం వెళ్లాను. అదే కథ, ఒకే రోజులో నాలుగు చోట్లు. గుహ దగ్గరికి చేరేసరికి మూసే వేళకి నలభై నిమిషాలుంది. పైపైన చూసి, గేటు దగ్గర ఇచ్చిన కరపత్రం జేబులో పెట్టుకుని వచ్చేశాను. వ్యాసంలో గుహ అడుగున ఉండే నీటిపాయ, పాతాళగంగ, "ఉరకలు వేస్తోంది" అని రాశాను. రెండు వారాలకి ఆ చుట్టుపక్కల ఊరి నుంచి ఒక కార్డు వచ్చింది. "అయ్యా, మా పాతాళగంగ ఉరకదు. తమరు కిందికి దిగినట్టు లేదు." అంతే, ఇంకో మాట లేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కార్డు నా డ్రాయర్లోనే ఉంది. మళ్లీ వెళ్లి దిగి చూశాను. నిజమే, ఉరకదు. సన్నటి పాయ, గుహలో అన్నిటికంటే లోతైన చోట, నేలమట్టానికి సుమారు 46 మీటర్ల కింద. కాసేపు కనపడి రాళ్లలోకి పోతుంది. ఎక్కడికి పోతుందని అడిగితే, రెండు కిలోమీటర్ల అవతల ఊళ్లో ఉన్న బావిలోకి అని అక్కడివాళ్లు చెప్తారు. చూడు, నా ఉరకల కంటే ఆ బావి ఎంత బాగుందో.

ఇక సున్నపురాయి సంగతి. దీనికోసం మూడు వందల కిలోమీటర్లు పోనక్కర్లేదు, మా వరండాకి వస్తే చాలు. మాది పాత ఇల్లు, కింద షాబాద్ బండలు. ఈ ఊళ్లో పాత ఇళ్లకి ఎక్కువగా అవో తాండూరు బండలో ఉంటాయి. రెండూ సున్నపురాళ్లే. పదిహేనేళ్ల కింద మా ఆవిడ నిమ్మకాయ పచ్చడి పెడుతుంటే గిన్నె ఒరిగి రసం ఒలికింది. వెంటనే తుడిచింది కూడా. అయినా అరచేతంత మేర బండ నునుపు పోయి తెల్లగా పాలిపోయింది. ఎంత తోమినా ఇవాళ్టికీ పోలేదు. పులుపు రాతిని తినేసింది.

బెలుంలో జరిగిందీ అదే. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. నిమ్మరసంతో పోలిస్తే ఆ పులుపు లెక్కలోకే రాదు, కానీ దానికి తొందర లేదు. రాతి బీటల్లోకి దిగి, కరిగిస్తూ, సందుని సొరంగం చేసి, ఏళ్ల తరబడి అందులోంచే పారింది. తర్వాత నీటిమట్టం కిందికి జారితే ఖాళీ సొరంగం మిగిలింది. అప్పుడు ఇంకో పని మొదలవుతుంది. సున్నం కరిగిన నీటిచుక్క గుహ కప్పుకి వేలాడినప్పుడు అందులోని వాయువు గాలిలోకి పోయి, పిసరంత సున్నం అక్కడే పేరుకుంటుంది. చుక్కమీద చుక్క పడి మర్రి ఊడలా దిగుతుంది. సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు, అటూ ఇటూ. నీకు ఇరవై నాలుగేళ్లన్నావు. నువ్వు పుట్టినప్పట్నుంచి ఇప్పటిదాకా పెరిగింది బియ్యపుగింజ మందం.

ఇలా రాయి కరిగి ఏర్పడిన నేలతీరుకి కార్స్ట్ అని పేరు. స్లోవేనియాలో క్రాస్ అనే ప్రాంతం పేరు నుంచి వచ్చింది. వ్యాసంలో ఈ మాట ఒక్కసారి వాడు, చాలు. మన హైదరాబాద్ రాయికి ఈ కరిగే గుణం లేదు. గోల్కొండ దగ్గరా జూబ్లీహిల్స్‌లోనూ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనపడే గుండ్లు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. అది పెచ్చులూడి గుండ్రబడుతుంది గానీ లోపల గుహలు తొలుచుకోదు. ఇక్కడ పెరిగిన కళ్లకి బండ అంటే పైకి నిలబడేది. అందుకే అక్కడికి పోయేసరికి నువ్వు తికమక పడతావు, ఎందుకంటే బెలుంలో పైకి ఏమీ కనపడదు.

ఈ మాట నీ షీటులో ఎక్కడా లేదు. కొండలు, శిఖరాలు, సినిమా సీన్లు అనుకుని పోతే మొదటి పది నిమిషాలు నీరసపడతావు. చదునైన నేల. చుట్టూ చేలు. తెల్లటి పెద్ద బుద్ధ విగ్రహం ఒకటి. మూడు పెద్ద బావుల్లాంటి గోతులు. నడిమి గోతిలోంచి మెట్లు దిగాలి. అంతదాకా ఆ నేల కింద 3,229 మీటర్ల సొరంగాలున్నాయని ఎవరికీ అనిపించదు. అందులో మనల్ని నడవనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. మన దేశపు మైదాన ప్రాంతంలో ఇంతకన్నా పొడవైన గుహ లేదు. మేఘాలయ గుహలు పెద్దవే గానీ అవి కొండల్లోవి.

నువ్వు నమూనాగా పంపిన మొదటి పేరాలో ఈ చేను లేదు. "ప్రకృతి ఒడిలో ఒదిగిన అపురూప శిల్పకళాఖండం" అని మొదలుపెట్టావు. ఇంకా చూడని గుహ గురించి! ఆ వాక్యం బొర్రాకీ సరిపోతుంది, అజంతాకీ సరిపోతుంది, మా కాలనీ పార్కులో సిమెంటు కొలనుకీ సరిపోతుంది. చేను నుంచి మొదలుపెట్టు. అవుకు దాటి కొలిమిగుండ్ల వైపు వెళ్తుంటే దారి పొడుగునా నాపరాళ్లు కనపడతాయి. కోసి నిలబెట్టినవి, లారీలకెత్తేవి, పాత ఇళ్ల గోడలకీ కప్పులకీ పరిచినవి. కొన్నిచోట్ల చేలకి కంచె కూడా నాపబండలే, పలకల్లా నిలువుగా పాతి ఉంటాయి. సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కూడా. అన్నీ ఆ సున్నపురాయి పుణ్యమే. ఒకే రాయిని మనిషి మిషను పెట్టి కోస్తున్నాడు, నీళ్లు ఏ మిషనూ లేకుండా కోశాయి. కారు ఆపించి ఒక కోత మిషను దగ్గర పది నిమిషాలు నిలబడు. అక్కడి మనిషిని అడుగు, ఈ బండ ఎన్ని అడుగుల లోతులో దొరుకుతుంది, ఏ రంగుకి గిరాకీ అని. రాయి గురించి నాకు తెలిసిన సగం విషయాలు అలాంటి వాళ్లు చెప్పినవే.

లోపల ఉక్కపోత. ఇది గుర్తుపెట్టుకో, గుహ అనగానే చల్లగా ఉంటుందనుకుంటారు. పైనుంచి గాలి పంపే ఏర్పాట్లున్నా చెమట ధారగా కారుతుంది. నూలుబట్టలు, జారని చెప్పులు, ఒక నీళ్ల సీసా. నోట్సుకి పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లు. తడిచేతికి సిరా అలుక్కుపోతుంది. ఫోన్ సిగ్నల్ మీద ఆశలు పెట్టుకోకు. కొన్నిచోట్ల వంగి పోవాలి. మీ జట్టులో ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లుంటే ముందే చెప్పమను, పైన చెట్టుకింద కూర్చోవడంలో సిగ్గు లేదు.

గైడ్ అన్నిటికీ పేర్లు చెప్తాడు. కోటిలింగాలు, వేయిపడగలు, సప్తస్వరాల గుహ. పేర్లు రాసుకో, బాగుంటాయి. బెలుం అనే పేరే బిలం నుంచి వచ్చిందంటారు. కానీ పేరు వినగానే నీ కళ్లు ఆ పేరునే చూడటం మొదలుపెడతాయి. పడగ అన్నాక పడగే కనపడుతుంది, రాయి కనపడదు. అందుకని ఒక చిన్న చిట్కా: గైడ్‌ని, గుంపుని ఒక మలుపు ముందుకి పోనివ్వు. నువ్వు దీపాల వెలుగున్నచోటే ఆగి, మూడు నిమిషాలు మాట్లాడకుండా ఒకే గోడని చూడు. పొరలు ఎలా ఉన్నాయి, ఎక్కడ నున్నగా ఉంది, ఎక్కడ తడి మెరుస్తోంది, చుక్క పడిన చప్పుడు ఎంతసేపటికి మళ్లీ వినపడింది. ఆ మూడు నిమిషాల్లో రాసుకున్న నాలుగు ముక్కలే తర్వాత పనికొస్తాయి. ఫొటోలు మీ స్నేహితులు ఎలాగూ తీస్తారు.

కప్పు నుంచి దిగే సున్నపు ఊడల్ని ముట్టుకోకు. చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం సరిగ్గా పేరుకోదు. సప్తస్వరాల దగ్గర ఎవరైనా కర్రతో కొట్టి వినిపిస్తామంటే వద్దని చెప్పు. గంటలా మోగుతుంది నిజమే, నేనూ ఒకప్పుడు మురిసిపోయి విన్నాను. ఇప్పుడు ఆ దెబ్బ నా వీపుమీద పడ్డట్టుంటుంది.

చరిత్ర రెండు వాక్యాలకి మించనివ్వకు, కానీ ఆ రెండూ సరిగ్గా ఉండాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. తర్వాత దాదాపు నూరేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1980ల మొదట్లో గెబవర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి, ఊరివాళ్ల సాయంతో లోపల తిరిగి కొలతలు తీశాడు. అప్పటికి ఆ గోతులు చుట్టుపక్కల చెత్త పారబోసే చోట్లు. 1988 దాకా అదే పరిస్థితి. నేనైతే వ్యాసంలో బుద్ధుణ్ణి వదిలేసినా చెత్తని వదలను. టికెట్ కొని, నోరు తెరుచుకుని కప్పు చూసే చోట ఒకప్పుడు చెత్త పోశారన్నది పాఠకుడికి తెలియాలి.

ప్లాను మార్చి చెప్తున్నాను, రాసుకో. డిసెంబరే మంచిది, ఎండాకాలం రాయలసీమ జోలికి పోకు. తెల్లవారుజామున మూడింటికల్లా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి. జడ్చర్ల దాటేదాకా చీకటే, పడుకోవచ్చు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు మాత్రం లేచి ఉండు. కర్నూల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆ పూట ఇడ్లీ అడిగితే నాతో మాట్లాడకు. తర్వాత పాణ్యం, బనగానపల్లె, అవుకు. బనగానపల్లెలో మామిడిపళ్ల కోసం దిగకు, అది కాలం కాదు. గుహలు తెరిచేది ఉదయం పది ప్రాంతంలో, ముందురోజు ఫోన్ చేసి వేళలు కనుక్కో. తెరిచీ తెరవగానే దిగితే గుంపులు తక్కువ. లోపల మూడు గంటలు. పైకొచ్చాక అరగంట ఏమీ చెయ్యకు, ఆ గోతి పక్కన కూర్చో. చెమట ఆరేలోగా నోట్సు పూర్తి చేసుకో. మూడింటికి తిరుగుప్రయాణం, రాత్రి తొమ్మిదిన్నర, పదికి కూకట్‌పల్లి. కాచిగూడలో రాత్రి రైలెక్కి తాడిపత్రిలో దిగే దారి కూడా ఉంది, అక్కణ్ణుంచి గుహలు ముప్పై కిలోమీటర్లే. కానీ వేళకాని వేళ దింపుతుంది, ముగ్గురు ఆడపిల్లలకి నేను ఆ సలహా ఇవ్వను.

కారు నడిపే మనిషి ఎవరో షీటులో లేదు. మీలోనే ఒకరైతే మానుకోండి. పన్నెండు గంటల స్టీరింగ్, మధ్యలో గుహ, రాత్రి హైవే. డ్రైవర్‌ని మాట్లాడుకోండి, ఆ అబ్బాయి లోపలికి రాకుండా కారులో నిద్రపోతానంటే బలవంతం చెయ్యకండి.

ఆదివారమే వ్యాసం రాసేస్తానన్నావు. వద్దు. వారం ఆగు. వారం తర్వాత నోట్సు చూడకుండా గుర్తున్నవి ఒక పేజీ రాయి, ఆ తర్వాతే నోట్సు తెరిచి తప్పులు దిద్దుకో. రెండు పేజీలకి మించితే ముందు గైడ్ చెప్పిన పేర్లు కొట్టెయ్, తర్వాత విశేషణాలు. పాతాళగంగ దగ్గర ఏం చూశావో అది మాత్రం కొట్టెయ్యకు. దిగకపోతే దిగలేదని రాయి. నాకు కార్డు వచ్చినట్టు నీకు రాకూడదు. ఇప్పుడైతే కార్డులు కాదు, స్క్రీన్‌షాట్లు.

బయల్దేరే ముందు ఒక సాయంత్రం ఇటు రా. నిమ్మరసం పరీక్ష మీ ఫ్లాట్‌లో చేస్తే ఏమీ కనపడదు, మీవి టైల్స్. మా వరండాలో పాత మచ్చ పక్కన ఇంకో బండ చూపిస్తాను, ఒక చుక్క వేసి కళ్లు దగ్గరపెట్టి చూడు. నిమ్మకాయ మాత్రం నువ్వే తెచ్చుకో, మా ఆవిడ ఇవ్వదు.