పిండి చేతులు కనిపించే చోటే కూర్చో

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నీకు బీజింగ్‌లో సీటు వచ్చిందని, హైదియన్ వైపు హాస్టల్ ఇస్తున్నారని అక్కయ్య ఫోను చేసి చెప్పింది. సంతోషం ఎంత ఉందో బెంగా అంతే ఉంది ఆమె గొంతులో. "అక్కడ పిల్ల ఏం తింటుందిరా?" అని ఒకటే ప్రశ్న. నువ్వు కోడి, మేక, చేప, గుడ్డు తింటావు, పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టవు. చేతిలో డబ్బు లెక్కగానే ఉంటుంది. పదకొండేళ్లు ఆ ఊళ్లో ఉద్యోగం చేసినవాడిని కనుక చెప్పాలంటే చాలా ఉన్నాయి. కానీ ఈ ఉత్తరంలో ఒక్క విషయమే రాస్తాను. రోజువారీగా, చవగ్గా జియావ్‌జ తినడానికి దుకాణాన్ని ఎలా ఎంచుకోవాలో చెబుతాను. అది తెలిస్తే నువ్వు ఆకలితో పడుకునే రోజు ఉండదు.

జియావ్‌జ అంటే మనవాళ్లు డంప్లింగ్ అనేది. చూడటానికి చిన్న కజ్జికాయలా ఉంటుంది. గోధుమ పిండి రేకులో కూర పెట్టి, అంచులు నొక్కి, మరిగే నీళ్లలో వేస్తారు. అలా నీళ్లలో ఉడికినది ష్వేజియావ్. ఆవిరి మీద ఉడికిస్తే ఝెంగ్‌జియావ్, పెనం మీద అడుగు ఎర్రగా కాలిస్తే గ్వోథియే. బీజింగ్‌లో ఇళ్లలో వండుకునేది ఎక్కువగా మొదటి రకమే. రసం నిండిన షియావ్‌లోంగ్‌బావ్ షాంఘై వైపు తిండి. నువ్వు ఉత్తరాన ఉంటూ దాని వెంట పడకు. ఏ ఊళ్లో ఏది ఇంటి వంటో అదే అక్కడ చవగ్గానూ బాగానూ దొరుకుతుంది.

దుకాణం ముందు నిలబడగానే బోర్డు వైపు కాదు, లోపలికి చూడు. జియావ్‌జ చుట్టే మనుషులు కనిపించాలి. మంచి దుకాణాల్లో అద్దం వెనకనో, వంటగదికి ఆనుకున్న బల్ల దగ్గరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తెల్ల టోపీలు పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఒకామె పిండిని పొడవుగా తాడులా చేసి చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఇంకొకామె ఒక్కో ముక్కను అరచేత్తో అదిమి, ఎడమ చేత్తో తిప్పుతూ కుడి చేత్తో సన్నటి అప్పడాల కర్ర ఆడిస్తుంది. ఆ కర్ర రేకు అంచు నుంచి లోపలికి వెళ్లి, నడిమధ్యకు చేరకుండానే వెనక్కి వస్తుంది. అందుకే రేకు మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా వస్తుంది. కూర బరువుకు అడుగు చిరగదు, రెండు అంచులు కలిసిన చోట పిండి ముద్దగా పచ్చిగా మిగలదు. మూడో ఆమె కూర పెట్టి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య ఒక్కసారి నొక్కితే పొట్ట నిండిన జియావ్‌జ తయారు. నేను ఎన్నోసార్లు తినడం మానేసి ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను.

అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే మడతలతో ఉంటే అవి యంత్రం చేసినవి. గడ్డకట్టించి సంచుల్లో అమ్మేవి కొని ఉడికించి పెట్టే దుకాణాలూ ఉన్నాయి. ఆ మాత్రం నువ్వు హాస్టల్లోనే ఉడికించుకోగలవు, వాటికి బయట డబ్బు పెట్టడం ఎందుకు? చేత్తో చేసినవైతే గోడ మీదనో తలుపు మీదనో "షౌగోంగ్" అని రాసి ఉంటుంది. చేతిపని అని అర్థం. అందులో రెండో అక్షరాన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. పైన ఒక అడ్డగీత, కింద ఒక అడ్డగీత, రెంటినీ కలుపుతూ నిలువు గీత. బోర్డు ఉంది కదా అని నమ్మేయకు, చేతులు కూడా కనిపించాలి.

ఎక్కడ వెతకాలి అంటావేమో. పెద్ద పర్యాటక వీధుల్లో మాత్రం వద్దు. మొదటి ఏడాది ఊరి నుంచి వచ్చిన అతిథులను అలాంటి ఒక వీధిలో దీపాల వెలుగుతో మెరిసిపోతున్న చోటికి తీసుకెళ్లాను. రంగు బొమ్మల మెనూ ఉంది, ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడు గుమ్మంలో నిలబడి పిలిచాడు. వచ్చిన పళ్లేలలో జియావ్‌జలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే రేకులు చిరిగి, కూర నీళ్లోడుతూ ఉంది. బిల్లు మా ఇంటి వెనక సందులో అయ్యేదానికి మూడు రెట్లు. డబ్బు పోయినందుకు కాదు, ఆ వచ్చినవాళ్లు చైనాలో తిండి ఇంతే అనుకుని వెళ్లిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నివాస భవనాల మధ్య సందులు, విశ్వవిద్యాలయాల పక్క గేట్లు, హుటాంగ్‌లని పిలిచే పాత ఇరుకు సందుల మలుపులు చూడు. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు నడిపే దుకాణం కనిపిస్తే లోపలికి వెళ్లు. వాళ్లది దోంగ్‌బెయ్ వంట. జియావ్‌జ వాళ్లకు పండగ తిండి, రోజువారీ తిండి రెండూ. మధ్యాహ్నం పదకొండున్నరకు వెళ్తే ఇంటి చెప్పులతో వచ్చిన ముసలివాళ్లు, పక్క దుకాణంలో పనిచేసేవాళ్లు, బడి దుస్తుల్లో పిల్లలు ఉండాలి. అలాంటి చోట మనిషికి 25 నుంచి 40 యువాన్ల మధ్య కడుపు నిండుతుంది. యువాన్ అంటే ఇంచుమించు పన్నెండు పదమూడు రూపాయలని వేసుకో. ఫోనులో ద్యాన్‌పింగ్ అనే యాప్ పెట్టుకుంటే ప్రతి దుకాణం పేరు పక్కన "రెన్‌జున్" అని ఒక అంకె చూపిస్తుంది. అక్కడ మనిషికి సగటున ఎంత అవుతుందో అదే. నేను నక్షత్రాల కంటే ఆ అంకెకే ఎక్కువ విలువిస్తాను. తిన్నవాళ్లు పెట్టిన ఫొటోలు తప్పకుండా చూడు, దుకాణం వాళ్లు పెట్టినవి కాదు. ఇంకొకటి, గోడ మీద శుభ్రతకు ఇచ్చిన గుర్తింపు కాగితం ఉంటుంది, దాని మీద ఎ, బి, సి అని అక్షరం వేస్తారు. చిన్న దుకాణాలకు చాలావరకు బి ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. సి ఉన్నచోట నువ్వు తినడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు తూకం సంగతి. ఇది తెలియక మనవాళ్లు చాలా తికమక పడతారు. పాతకాలపు పద్ధతి పాటించే దుకాణాల్లో జియావ్‌జను లెక్కపెట్టి కాదు, లియాంగ్‌ల చొప్పున అమ్ముతారు. ఒక లియాంగ్ అంటే 50 గ్రాములు. పది లియాంగ్‌లు ఒక జిన్, అంటే అర కిలో. అయితే ఈ 50 గ్రాములు పళ్లెంలో వచ్చే జియావ్‌జ బరువు కాదు, వాటికి పట్టిన పిండి తూకం. కూర, నీళ్ల బరువు వేరే. కనుక ఒక లియాంగ్‌కు ఐదో ఆరో వస్తాయి. నీ ఆకలికి మూడు లియాంగ్‌లు, అంటే పదిహేను నుంచి పద్దెనిమిది, సరిపోతాయి. మొదటిసారి మెనూలో లియాంగ్ ధర చూసి "ఇంత చవకా!" అని అర కిలో చెప్పేవు, యాభై అరవై దాకా వచ్చి పడతాయి. కొన్నిచోట్ల ఒక్కో రకం కనీసం రెండు లియాంగ్‌లు తీసుకోవాలంటారు. అందుకని స్నేహితురాలితో కలిసి వెళ్లడం మేలు, రెండు రకాలు రుచి చూడొచ్చు. రెండు లియాంగ్‌లను "ఎర్ లియాంగ్" అనాలి. ఇప్పుడు పళ్లెం లెక్కన అమ్మే చోట్లు కూడా పెరిగాయి. అక్కడ పళ్లేనికి ఎన్ని వస్తాయో ముందే అడుగు.

కూర గురించి కాస్త నిదానంగా చదువు, నీకు అసలు కష్టం ఇక్కడే. మెనూలో ఏ జంతువు పేరూ లేకుండా ఉత్తి "రౌ", అంటే మాంసం అని ఉంటే అది పంది మాంసమే. క్యాబేజీ, పంది కలిపినది, సోంపు ఆకు, పంది కలిపినది బీజింగ్ వాళ్లకు ప్రాణం. "సాన్‌షియెన్" అంటే మూడు తాజా రుచులు. రొయ్య, గుడ్డు పేర్లు విని రొయ్యలేనని చెప్పేయకు, అందులో మామూలుగా పంది కూడా కలుస్తుంది. "నియురౌ" గొడ్డు మాంసం. నీకు కావలసినవి ఇవి: "యాంగ్‌రౌ" అంటే గొర్రె మాంసం, దాన్ని ఉల్లికాడతో గానీ క్యారెట్‌తో గానీ కలుపుతారు. "జియుఛాయ్ జీదాన్" అంటే గుడ్డు, ఒక రకం ఆకు. ఆ ఆకు చూడటానికి గడ్డిలా ఉండి వెల్లుల్లి వాసన వేస్తుంది. టమాటా, గుడ్డు కలిపినది కూడా ఉంటుంది, కొరికితే పుల్లటి వేడి రసం వస్తుంది కనుక మొదటి దాన్ని కొన దగ్గర కొంచెంగా కొరుకు. షాన్‌దోంగ్ రాష్ట్రం వాళ్ల దుకాణమైతే చేప కూర పెట్టినవి అడుగు, ఎంత మెత్తగా ఉంటాయో.

పంది వాసన కూడా వద్దనిపిస్తే "ఛింగ్‌ఝెన్" అని రాసి ఉన్న చోటికి వెళ్లు. అవి ముస్లింల దుకాణాలు, అక్కడ పంది అనేదే ఉండదు. ఊరికి దక్షిణాన నియుజియే అని ఒక వీధి ఉంది, వెయ్యేళ్ల నాటి మసీదు ఉన్న పేట, అక్కడి గొర్రె మాంసం జియావ్‌జ మా ఇంట్లో ప్రతి నెలా ఒక పండగ. అయితే అక్కడ గొడ్డు మాంసం కూడా ఉంటుంది, కాబట్టి యాంగ్‌రౌ అని స్పష్టంగా చెప్పు.

సెలవుల్లో అక్కయ్య నిన్ను చూడటానికి వస్తుంది. ఆమె గుడ్డు కూడా తినదు కదా. మీ అత్తయ్య విషయంలో నేను చేసిన పొరపాటు ఆమె విషయంలో నువ్వు చేయకూడదని ఇది రాస్తున్నాను. మీ అత్తయ్య మొదటిసారి బీజింగ్ వచ్చినప్పుడు "సూ", అంటే శాకం, అని రాసి ఉంది కదా అని చెప్పించాను. మూడోది కొరికి ఆగిపోయింది. రేకు విప్పి చూస్తే ఆకు మధ్యలో గోరంత కూడా లేని ఎండు రొయ్య పొట్టు. రుచి కోసం వేస్తారు, వాళ్ల దృష్టిలో అది మాంసం కిందికి రాదు. మీ అత్తయ్య ఏమీ అనలేదు, లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చింది. ఆ ముఖం నేను మరచిపోలేదు. అప్పటి నుంచి "యౌ షియాపి మా?" అని, అంటే ఎండు రొయ్య ఉందా అని, ప్రతిచోటా అడిగేవాడిని. శాకం కూరలో గుడ్డు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పైగా అన్ని రకాలనూ ఒకే కుండలో ఉడికిస్తారు. కనుక అక్కయ్యను మామూలు జియావ్‌జ దుకాణానికి తీసుకెళ్లకు. పూర్తి శాకాహార భోజనశాలలు వేరే ఉన్నాయి, చాలావరకు బౌద్ధుల పద్ధతివి. ఖరీదు కొంచెం ఎక్కువైనా అక్కడికే తీసుకెళ్లు. నేను పైన రాసిన మాటలన్నీ చైనా అక్షరాల్లో ఒక కాగితం మీద రాసి దీనితో జత చేస్తున్నాను. ఫొటో తీసి ఫోనులో ఉంచుకో, నోరు తిరగకపోతే చూపిస్తే చాలు.

చెప్పిన వెంటనే పళ్లెం రాలేదని విసుక్కోకు. కుండ పొంగినప్పుడల్లా ఒక గరిటెడు చన్నీళ్లు పోసి, మళ్లీ మరగనిచ్చి, అలా మూడుసార్లు చేస్తే గానీ మాంసం కూర లోపలిదాకా ఉడకదు. పది పదిహేను నిమిషాలు పడితే అప్పటికప్పుడు ఉడికిస్తున్నారని లెక్క. ఆ లోగా దోసకాయను కత్తి వాటుతో చితక్కొట్టి వెల్లుల్లి, వెనిగర్ కలిపిన పళ్లెం ఒకటి తెప్పించుకో, మన నోటికి బాగా నచ్చుతుంది. బల్ల మీద నల్లటి వెనిగర్, మిరప నూనె ఉంటాయి. వెనిగర్ ఎక్కువ, నూనె తక్కువ వేసుకో. ఉత్తరాది వాళ్లు పచ్చి వెల్లుల్లి రెబ్బ కొరుక్కుంటూ తింటారు. చలికాలంలో వెనిగర్‌లో ఊరి ఆకుపచ్చగా మారిన వెల్లుల్లి పెడతారు, అది తప్పక అడుగు.

తిన్న తర్వాత జియావ్‌జ ఉడికించిన నీళ్లు ఒక గిన్నెలో ఇమ్మని అడగొచ్చు. మన గంజిలా తెల్లగా, వేడిగా ఉంటుంది, డబ్బు తీసుకోరు. వండిన నీళ్లే తిన్నదాన్ని అరిగిస్తాయని వాళ్ల సామెత. అడిగితే ముఖం చిట్లించకుండా తెచ్చి పెట్టే దుకాణాన్ని వదలకు. నాకు అలాంటిది ఒకటి దొరికింది, ఆరు బల్లలే. నాలుగో నెల వచ్చేసరికి నేను గుమ్మంలో కనిపించగానే ఆ పెద్దావిడ "యాంగ్‌రౌ, సాన్ లియాంగ్" అని తనే లోపలికి కేక వేసేది. జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్లకపోతే మూడో రోజు "ఏమైంది?" అని అడిగింది. నీకూ హాస్టల్‌కు నడక దూరంలో అలాంటిది ఒక్కటి దొరకాలి. పది దుకాణాలు తిరుగు, ఒకదాన్ని పట్టుకో, వారానికి రెండుసార్లు అక్కడికే వెళ్లు.

డిసెంబరులో 21నో 22నో వచ్చే శీతకాలపు అయనాంతం రోజు మాత్రం ఊరంతా జియావ్‌జ తింటుంది. ఆ రోజు తినకపోతే చలికి చెవులు రాలిపోతాయని పిల్లలకు చెబుతారు. వేళకు వెళ్తే వీధి దాకా వరస ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి వెళ్లు. మామూలు రోజుల్లో ఆ వేళకు కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి, అది కూడా గుర్తుంచుకో. డబ్బు చాలావరకు ఫోనులోనే కడతారు, అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని నీ కార్డు జతచేసుకో. టిప్పు ఇవ్వక్కర్లేదు. మిగిలితే "దాబావ్" అంటే కట్టి ఇస్తారు, రాత్రి పెనం మీద కాస్త నూనె వేసి కాల్చుకోవచ్చు.

ఆ ఊళ్లో ఇంకో మాట ఉంది, బండి ఎక్కేటప్పుడు జియావ్‌జ, బండి దిగినప్పుడు నూడుల్స్ అని. కాబట్టి దిగిన రోజు హాస్టల్ దగ్గర ఒక గిన్నె వేడి నూడుల్స్ తిని పడుకో. మర్నాడు పదకొండున్నరకు కాగితం పట్టుకుని బయలుదేరు. ఏ సందులో, ఏ కూరతో, లియాంగ్ ఎంతకు తిన్నావో రాత్రికి నాకు రాయి. చుట్టే చేతులు కనిపించాయో లేదో అది మొదట రాయి.

ఇట్లు,
మీ మామయ్య