వానలో ప్రైడ్ యాత్ర, మరునాడు వచ్చిన ఫోను

ప్రశ్న: నేను హనుమకొండలో పీజీ చదువుతున్నాను. ఈ మధ్య మా క్లాసు స్నేహితులతో కలిసి కాజీపేటలో రైలెక్కి, హైదరాబాద్‌లో జరిగిన ప్రైడ్ యాత్రకు, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, వారికి తోడుగా నిలిచేవాళ్లు కలిసి వీధుల్లో నడిచే యాత్రకు, వెళ్లాను. అల్పపీడనం వల్ల ఆ రోజంతా వాన కురుస్తూనే ఉంది. ముఖాలకు పూసుకున్న రంగులు మెడల దాకా కారిపోయాయి, డప్పులు తడిసి మోగడం మానేశాయి, అందరం ఒక ఫ్లైఓవర్ కింద చాలాసేపు నిలబడిపోయాం. అక్కడే మాలో ఒకడు తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని మొదటిసారి నాతో చెప్పాడు. నాకు ఆ రోజు ఎంతో సంతోషంగా గడిచింది. అయితే ఎవరో పెట్టిన ఫొటో మా బంధువుల వాట్సాప్ గ్రూపుకు చేరింది. పరాయి దేశపు పండుగలు మనకెందుకని నాన్న నాతో మాట్లాడటం మానేశారు. మరునాడు ఆ అబ్బాయి వాళ్ల అమ్మ ఫోన్ చేసి, 'మావోడు గూడ వచ్చిండా బిడ్డా? వానికేమన్న ఉన్నదా? నువ్వైతే నిజం చెప్తవ్' అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మళ్లీ చేస్తానన్నారు. ఆమెకు ఏం చెప్పాలి? నాన్నకు ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ తల్లి ఫోను సంగతి చూద్దాం, ఎందుకంటే ఆమె మళ్లీ చేసేలోపే మీరు ఆ అబ్బాయితో మాట్లాడాలి. 'మీ అమ్మ ఫోన్ చేసింది, ఈ మాట అడిగింది, నేనేమీ చెప్పలేదు' అని ఈరోజే అతనికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంట్లో ఎప్పుడు చెప్పాలి, ఎవరికి ముందు చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా అతని ఇష్టం. ఆమె మీ మీద ఎంత నమ్మకంతో అడిగినా, కన్నతల్లికి తెలిస్తే తప్పేమిటని మీకు అనిపించినా, ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు. అలాగని అబద్ధం ఆడనక్కరలేదు. 'అమ్మా, వాని సంగతి వాన్నే అడుగుండ్రి, నేను చెప్పుడు బాగుండదు' అని మెత్తగా, స్థిరంగా అనండి. ఆమె నొచ్చుకోవచ్చు, ఆ నొప్పిని మీరు ఓర్చుకోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన ఊళ్లలో ఇలాంటి మాట ఒక్కసారి పొక్కిందంటే, చదువు మాన్పించడం, హడావిడిగా సంబంధం చూసి పెళ్లి చేయడం, తాయెత్తులు కట్టించడం, 'మార్చేస్తాం' అనే డాక్టర్ల చుట్టూ తిప్పడం వంటివన్నీ జరుగుతాయి. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. భారతీయ మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది వ్యాధి కాదని ప్రకటించింది. ఒకరి ఇష్టాన్ని మందులతోనో కౌన్సెలింగ్‌తోనో మారుస్తామని వైద్యులు పూనుకుంటే, జాతీయ వైద్య కమిషన్ దాన్ని 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పేర్కొన్నది. ఆ తల్లి గొంతులో బెంగ వినిపిస్తే, కొడుకు పేరెత్తకుండానే, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వారి 14416 నంబరు ఆమెకు ఇవ్వండి. అక్కడ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆమె ఇప్పటికే కొంత గ్రహించి, ఎవరితో చెప్పుకోవాలో తోచక మీకు ఫోన్ చేసి ఉండవచ్చునని నాకు అనిపిస్తోంది.

ఇక ఫొటో. దాన్ని మొదట పెట్టినవారిని అడిగి తీయించండి, మీ కోసం కాకపోయినా వెనకాల నిలబడినవారి కోసం. ఇలాంటి యాత్రల్లో కొందరు ముఖానికి మాస్కు కట్టుకుని నడవడం మీరూ చూసే ఉంటారు. వానకు మాస్కు తడిసి ఊపిరాడక తీసేసిన ఆ కాసేపట్లోనే ఎవరో ఫోను ఎత్తి ఉండవచ్చు. హైదరాబాద్‌లోనైతే ఆ ముఖం జనంలో కలిసిపోతుంది, హనుమకొండ చౌరస్తాలో మాత్రం ఇట్టే గుర్తుపట్టేస్తారు.

మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉన్నది, దాన్ని ఒప్పుకునే మాట్లాడండి. ఈ నడక పుట్టింది పరాయి గడ్డ మీదనే. న్యూయార్క్‌లో స్వలింగ ప్రేమికులు చేరే స్టోన్‌వాల్ అనే బారు మీద 1969 జూన్ 28న పోలీసులు దాడి చేయగా జనం తిరగబడ్డారు, ఏడాది తిరిగేసరికి అదే తేదీన వీధుల్లో నడిచారు. మన దేశంలో 1999 జూలై 2న కోల్‌కతాలో పదిహేను మంది దాకా కలిసి మొదటి నడక సాగించారు. హైదరాబాద్‌లో ఇది 2013లో మొదలైంది. నడక బయటి నుంచి వచ్చింది గాని, నడిచేవాళ్లు బయటివాళ్లు కారు. నాన్నగారు వేములవాడకు వెళ్లి ఉంటే ఆయనకే తెలిసి ఉంటుంది. శ్రీరామనవమి నాడు అక్కడ సీతారాముల కల్యాణం జరుగుతుండగా, జోగినులు, హిజ్రాలు చేతిలో త్రిశూలం పట్టుకుని, శివుణ్ని వరించి, ఒకరి మీద ఒకరు అక్షింతలు చల్లుకుంటారు. ఆ అక్షింతలు మీద పడితే మంచిదని నమ్మేవాళ్లే మరునాడు అదే మనిషికి అద్దెకు ఇల్లు ఇవ్వనంటారు. నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

వీధిలో నడవడమెందుకు, ఇంట్లో ఉండొచ్చు కదా అని ఆయన అడిగితే, నిజాం కాలపు చట్టం సంగతి చెప్పండి. 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా ఆడవారి బట్టలు కట్టుకుని లేదా నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా, వాయిద్యం వాయించినా, వారంటు లేకుండానే అరెస్టు చేసి రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. అలా వారి పేర్లతో రిజిస్టరు ఉంచాలని ఆ చట్టమే చెప్పింది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జూలైలో. మీరు డప్పు వెంట నడిచిన రోడ్డు మీద, వందేళ్లకు పైగా, చీర కట్టుకుని ఆడటమే కొందరికి నేరంగా ఉండింది. ఆయన వెంటనే ఒప్పుకోకపోవచ్చు, తొందరపెట్టకండి. ఆయన మాట్లాడకపోయినా మీరు మాట్లాడటం మానకండి.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ఈసారి ప్రైడ్ యాత్రకు స్నేహితులతో హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. పోలీసు కేసులు అవుతాయేమోనని భయం. పైగా వానలు. పంపమంటారా?
— ఒక తండ్రి, పెద్దపల్లి

జవాబు: మీతో చెప్పి వెళ్తున్నాడు, అది మీ పెంపకానికి దక్కిన గౌరవం. పంపండి. పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. అటువంటి జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వడానికి మాత్రం 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో అంగీకరించలేదు. కాబట్టి యాత్రలో పెళ్లి హక్కు కావాలనే నినాదాలు వినిపిస్తాయి. శాంతియుతంగా గుమిగూడటం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. నిర్వాహకులు పోలీసుల అనుమతి తీసుకున్నారో లేదో ముందుగా కనుక్కోమనండి, ప్రకటించిన దారి దాటి వెళ్లవద్దని చెప్పండి. పోలీసులంటే మరీ అంత భయం అక్కరలేదు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లో చేరారు.

వాన సంగతే నన్నడిగితే కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. గుంపులో గొడుగులు పక్కవాళ్ల కళ్లకు తగులుతాయి, రెయిన్‌కోటు మేలు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసిన నినాదం పది అడుగులు వేసేలోపే కరిగిపోతుంది, గుడ్డ మీద పెయింటుతో రాసుకోవాలి. తోలు డప్పు తడిస్తే చర్మం వదులై మోగదు. మంట మీద కాచుకుంటేనే మళ్లీ బిగుస్తుంది. వానలో నిప్పు దొరకదు గనుక, నడిచేటప్పుడు తప్ప మిగతా వేళల్లో దాన్ని ప్లాస్టిక్ కవరులో ఉంచాలి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద నాలాలు, మ్యాన్‌హోళ్లు కనిపించవు, కనుక అంచుల వెంట నడవవద్దని, ఉరుములు వస్తే చెట్టు కిందికి చేరవద్దని గట్టిగా చెప్పండి. ఒక జత పొడి బట్టలు, ఫోనుకు కవరు, కాలికి పట్టీ ఉన్న చెప్పులు ఉండాలి. వానాకాలంలో రైళ్లు ఆలస్యమవుతుంటాయి. అందుకని చివరి బండి దాకా ఆగకుండా, దానికి ముందు బండికే తిరుగు టికెట్టు తీసుకోమనండి. ఒకవేళ అది తప్పినా ఆ రాత్రికి ఎవరింట్లో ఉంటాడో చిరునామా మీ దగ్గర రాసిపెట్టుకోండి.