ఆడవాళ్లకి బీపీ రావడం తక్కువా? ఏ వయసులో అన్నదాన్ని బట్టి ఉంటుంది

ఆడవాళ్లకి బీపీ రావడం తక్కువా అని అడుగుతూ, మీ నాన్నగారికి నలభై లోపే బీపీ మొదలైందని, అమ్మగారికి 50 దాటాక వచ్చిందని రాశారు. అది మామూలుగా జరిగేదే. యాభై లోపు మగవాళ్లలో ఎక్కువ, ఆ తర్వాత తేడా తగ్గుతూ వస్తుంది, 65 దాటాక ఆడవాళ్లే ముందుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 ఏళ్లు, ఆపైన వయసువాళ్లలో బీపీ ఎక్కువున్నవాళ్లు, మందులు వాడేవాళ్లు కలిపి మగవాళ్లు 24 శాతం, ఆడవాళ్లు 21 శాతం. ఆడవాళ్లకి రాదని ధీమాగా ఉండేంత తేడా కాదు.

ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉన్నన్నాళ్లూ రక్తనాళాలు మెత్తగా సాగుతుంటాయి. ముట్లు ఆగాక ఆ అండ పోతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, ఉప్పు తింటే బీపీ పెరిగే గుణం కూడా ఎక్కువవుతుంది. ఇన్నేళ్లూ ఏమీ చేయని ఆవకాయే అప్పుడు పని చెబుతుంది. కూర, పచ్చడి, అప్పడం, మజ్జిగ అన్నిట్లో కలిపి రోజుకి 5 గ్రాముల ఉప్పు, అంటే చెంచాడు, దాటకూడదు.

మగవాళ్లలో బీపీకి ప్రధాన కారణాలు మద్యం, పొట్ట, గురక. గురకని ఇంట్లో నవ్వి వదిలేస్తారు గానీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే రాత్రి తగ్గాల్సిన బీపీ తగ్గదు. మూడు రకాల మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా అదుపులోకి రాకపోతే నిద్ర పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి.

ఆడవాళ్ల విషయంలో ఎక్కువగా జారిపోయేది గర్భిణీగా ఉన్నప్పటి చరిత్ర. 20 వారాల తర్వాత బీపీ 140/90 దాటి, కాన్పయ్యాక మామూలైపోతే అందరూ మర్చిపోతారు. కానీ అలాంటివాళ్లకి తర్వాత శాశ్వతంగా బీపీ వచ్చే ముప్పు కొన్ని రెట్లు ఎక్కువ. ఆ కాన్పు ఫైలు పారేయకండి, ఏడాదికోసారైనా బీపీ చూపించుకోండి, డాక్టర్ అడక్కపోయినా చెప్పండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ముట్లు సరిగా రాని సమస్య), మోకాళ్ల నొప్పులకి రోజూ మింగే డైక్లోఫెనాక్ కూడా చెప్పాల్సినవే. ముప్పై లోపు అమ్మాయికి బీపీ ఉంటే రెండు చేతులకీ చూడమనండి. చేతికీ చేతికీ బాగా తేడా ఉన్నా, ఒక చేతి నాడి బలహీనంగా ఉన్నా టకయాసు అనే రక్తనాళాల వాపు ఉందేమో చూడాలి.

ఇంట్లో కొలిచేటప్పుడు బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిచి కఫ్ (బీపీ మిషన్ పట్టీ) కట్టొద్దు. మడత చేతిని నొక్కేసి రీడింగ్ తప్పు వస్తుంది, జాకెట్టులోంచి చెయ్యి బయటికి తీసే కొలవాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది, పెద్దది కొనండి. కాఫీ తాగాక అరగంట ఆగి, ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు తీసి సగటు చూడండి. ఇంటి రీడింగుల సగటు 135/85, ఆపైన ఉంటే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి.

మందుల్లోనూ తేడా ఉంది. బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్‌తో కాళ్ల వాపు, రామిప్రిల్‌తో పొడిదగ్గు ఆడవాళ్లకే ఎక్కువ. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే సొంతంగా ఆపేయకుండా, గర్భం రాకముందే డాక్టర్ని కలిసి లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి వాటికి మార్పించుకోవాలి. మందు మార్చకముందే గర్భం వచ్చిందని తెలిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేసి అడగాలి.