జింకలు తక్కువైన కొండల్లో వేట

ప్రశ్న: నేను అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, బోయిసీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. కిందటి అక్టోబరులో ఇద్దరు సహోద్యోగులతో కలిసి ఫ్రాంక్ చర్చ్ అరణ్యంలోకి మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింకల వేటకు వెళ్లాను. ఐదు రోజులపాటు రోజుకు పన్నెండు కిలోమీటర్లకు తక్కువ కాకుండా నడిచాం. కనిపించినవి మూడు ఆడజింకలు, ఒక పిల్ల. మనుషులు ఎక్కువగా తిరగని అడవిలో జంతువులు మందలుగా ఉంటాయని అనుకున్నాను. అక్కడ నిజంగానే జింకలు లేవా, లేక వెతకడం మాకు చేతకాలేదా? ఈ ఏడాది మళ్లీ వెళ్లాలని ఉంది.
— ఒక పాఠకుడు, బోయిసీ

జవాబు: మీరు అడిగిన రెండింటిలోనూ నిజం ఉంది. ముందుగా జింకల సంగతి చూద్దాం. ఫ్రాంక్ చర్చ్ రివర్ ఆఫ్ నో రిటర్న్ విల్డర్‌నెస్ విస్తీర్ణం దాదాపు 23.6 లక్షల ఎకరాలు. మన నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కంటే అది సుమారు రెండున్నర రెట్లు పెద్దది. అయితే నల్లమలలో చుక్కల దుప్పుల మందలను చూసిన కంటితో ఆ కొండలను చూడకూడదు. అక్కడ ఎత్తయిన చోట్ల పచ్చిక మొలిచి ఎదిగే కాలం రెండు మూడు నెలలే. మిగిలిన ఏడాదిలో ఎక్కువ భాగం మంచు, లేదా ఎండిపోయిన గడ్డి. దట్టంగా పెరిగిన దేవదారు జాతి చెట్ల నీడలో జింకకు పనికివచ్చే మేత మొలవదు. 1980లో ఆ ప్రాంతానికి చట్టరక్షణ కల్పించింది అడవి అడవిగా మిగలాలనే గాని, అక్కడ జింకలు ఎక్కువని కాదు. మనిషి లేనంత మాత్రాన మేత పెరగదు.

తోడేళ్ల వల్లనే జింకలు తగ్గాయని వేటగాళ్లు తరచుగా అంటారు. 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి తెచ్చిన 35 తోడేళ్లను మధ్య ఐడహోలో వదిలిన మాట వాస్తవమే. కాని తోడేళ్లు ప్రధానంగా వేటాడేది జింకజాతిలోనే పెద్దవైన ఎల్క్‌లను. పెద్ద మ్యూల్ డీర్‌ను ఎక్కువగా చంపేది కొండసింహం (ప్యూమా). వీటన్నిటికంటే జింకల సంఖ్యను గట్టిగా శాసించేది చలికాలం. మంచు లోతుగా పేరుకుని చాలాకాలం కరగకపోతే, శరదృతువులో కొవ్వు చాలినంత పట్టని పిల్లలు వసంతం రాకముందే చనిపోతాయి, ఆ లోటు తరువాతి మూడు నాలుగేళ్ల మగజింకల లెక్కలో కనిపిస్తుంది. కాబట్టి ఒక ఏడాది వేటకు బయలుదేరే ముందు, అంతకుముందు రెండు చలికాలాలు ఎలా గడిచాయో రాష్ట్ర వన్యప్రాణి శాఖ నివేదికల్లో చదవడం మొదటి పని.

ఇక వెతకడం గురించి. మీరు రోజుకు పన్నెండు కిలోమీటర్లు నడిచామని రాశారు; నా ఉద్దేశంలో పొరపాటు అక్కడే జరిగింది. జంతువులు విస్తారంగా ఉన్న చోట నడుస్తూ వేటాడినా ఫలితం ఉంటుంది. అరుదైన చోట నడిచే మనిషిని జింక ముందే చూస్తుంది, ముందే వింటుంది, అన్నిటికంటే ముందే వాసన పడుతుంది. అక్కడ నడవవలసింది కాళ్లు కాదు, కళ్లు. తెల్లవారకముందే ఎదుటి కొండవాలు మొత్తం కనిపించే గట్టు మీదికి చేరుకుని, సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా కూర్చుని, పది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్లను ముక్కాలి స్టాండు మీద బిగించి, కొండవాలును చిన్న చిన్న మడులుగా విభజించుకుని ఒక్కొక్క మడినీ నిదానంగా చూడాలి. నిండు జింక కోసం చూడకండి, అది దొరకదు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా కనిపించే వీపు గీతను, కంచరగాడిద చెవిలాంటి పెద్ద చెవి కదలికను, ఎండలో మెరిసే కొమ్ము చీలికను వెతకండి. ఒకే వాలును రెండు గంటలు చూడడం మొదట్లో విసుగు పుట్టిస్తుంది, కాని మొదటి గంటలో ఖాళీగా కనిపించిన చోటనే రెండవ గంటలో నీడ మారినప్పుడు పడక మార్చుకోవడానికి జింక లేచి నిలబడుతుంది.

ఎక్కడ చూడాలన్నది కాలాన్ని బట్టి మారుతుంది. సెప్టెంబరులో కొమ్ముల మీది మెత్తటి తోలు రాలిపోయాక, అంతవరకు బయటి పచ్చికబయళ్లలో కనిపించిన మగజింకలు చెట్ల చాటుకు చేరి, వెలుతురులో చాలా తక్కువగా కదులుతాయి. మీరు వెళ్లిన అక్టోబరు ఆ కష్టకాలంలోనిదే. మంచు బాగా కురిశాక అవి ఎత్తయిన చోట్ల నుంచి నదీలోయల వైపు దిగుతాయి. నవంబరులో ఎద కాలం వచ్చినప్పుడు ఆడజింకల గుంపుల చుట్టూ తిరుగుతాయి. అందువల్ల మీకు కనిపించిన ఆ మూడు ఆడజింకలను తీసిపారేయవద్దు. అవి మేసిన చోటును పటంలో గుర్తు పెట్టుకోండి. పాత మంటల మచ్చలను కూడా గుర్తు పెట్టుకోండి. 2000, 2007 సంవత్సరాల్లో ఆ ప్రాంతంలో పెద్ద మంటలు రేగాయి. కాలిన చోట వెలుతురు నేలకు చేరి పొదలు మొలుస్తాయి, ఆ పొదలే జింకకు మేత. కూలిన మొద్దుల మధ్య నడక మాత్రం నరకమే.

జింక కనిపించిన వెంటనే దిగి పరుగెత్తకండి. వేకువన చల్లగాలి లోయలోకి జారుతుంది, ఎండ వాలును వేడిచేశాక పైకి లేస్తుంది, ఈ రెండింటి మధ్య కొంతసేపు గాలి ఏ దిక్కుకూ నిలకడగా ఉండదు. జింక పడుకున్నదాకా ఆగి, గాలి స్థిరంగా పైకి వీయడం మొదలయ్యాక పైనుంచి దిగడమే మేలు.

ఇన్ని చెప్పాక, నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మే మాట ఒకటుంది. 1964 నాటి విల్డర్‌నెస్ చట్టం ప్రకారం ఆ అరణ్యంలో మోటారు వాహనాలకే కాదు, సైకిళ్లకు, చక్రాల బండ్లకు కూడా అనుమతి లేదు. దారికి అడ్డంగా పడిన మొద్దులను అటవీ సిబ్బంది కూడా ఇద్దరు పట్టి లాగే రంపంతోనే కోస్తారు. కనుక వేటాడిన చోటు నుంచి మాంసం కదలవలసింది గుర్రం మీద, కంచరగాడిద మీద, లేకపోతే మీ వీపు మీదనే. ఎముకలు తీసేసినా పెద్ద మగజింక మాంసం 30 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, దానికి తోడు గుడారం, తుపాకీ, తిండి. ఎనిమిది కిలోమీటర్ల దూరం రెండు విడతలుగా మోయడమంటే 24 కిలోమీటర్ల నడక. తినదగిన మాంసాన్ని అడవిలో పాడుచేయడం ఐడహోలో నేరం. నేరం కాకపోయినా, ప్రాణం తీసి పారవేయడం అన్యాయం. పగలు ఎండ కాసే రోజుల్లో, చెడిపోకముందే మోసుకురాలేనంత దూరంలో ఎంత మంచి జింక నిలబడినా తుపాకీ దించేయండి. ఈ ఏడాది బయలుదేరే ముందు పటం మీద మీ మోతకు అందే దూరం ఎంతో వలయం గీసుకుని, ఆ వలయంలోపలే చూపు నిలిచే గట్లను రెండు మూడు ఎంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. స్నేహితులతో జింక వేటకు వెళతానంటున్నాడు. మన దేశంలో అది జైలుశిక్ష పడే నేరం కదా, అక్కడ ఇబ్బంది ఉండదా? జింకలకు ఏదో జబ్బు ఉందని కూడా విన్నాను.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఆందోళన న్యాయమైనదేనమ్మా. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అక్కడ లైసెన్సు, ట్యాగు (ఒక్కో జంతువుకు ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని, నిర్ణయించిన రోజుల్లో వేటాడడం చట్టబద్ధం. అయితే తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్సు చేతికి రాకముందు, స్నేహితుడి తుపాకీతో సాధన కోసమైనా సరే, దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. బయలుదేరే ముందు ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించడం మంచిది. మీ అబ్బాయి వయసువారు లైసెన్సుకు ముందు వేట భద్రతా శిక్షణ కూడా పూర్తి చేయాలి.

మీరు విన్న జబ్బు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింకజాతి జంతువుల మెదడును క్షీణింపజేసి చంపే ఈ జబ్బు ఐడహోలో 2021లో మొదటిసారి బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, కాని జబ్బున్న జంతువు మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థలు చెబుతున్నాయి. వండినంత మాత్రాన ఆ జబ్బు కారకం నశించదు. వేటాడిన జింక మెడలోని శోషరస గ్రంథుల నమూనాను రాష్ట్ర వన్యప్రాణి శాఖకు పరీక్ష కోసం ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని విడిగా గుర్తుపెట్టి ఫ్రీజరులో ఉంచమని మీ అబ్బాయికి చెప్పండి.