చర్చినీ వదలను, నటననూ వదలను అంటే?

ప్రశ్న: గుంటూరులో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. చర్చి క్వయర్‌లో పాడతాను. నటుణ్ని కావాలని ఉంది. నేను గే. ఆ సంగతి దాచకుండా, విశ్వాసం వదలకుండా ఈ రంగంలో నెగ్గుకురాగలనా?

జవాబు: రావచ్చు. కాకపోతే ఎవరికి ముందు చెప్పాలి, ఎవరికి తర్వాత అన్నది చూసుకోవాలి. ఆడిషన్‌లో అడిగేవి పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, ముఖం రెండు పక్కలా కనిపించే ప్రొఫైళ్లు. అక్కడ గే అని చెప్పక్కర్లేదు, చెప్పనంత మాత్రాన దాచినట్టూ కాదు. ఇన్‌స్టాలోనో ఇంటర్వ్యూలోనో ఒకసారి అంటే మాత్రం వెనక్కి తీసుకోలేరు. అంతకుముందే ఇంట్లో తెలియాలి, అదీ మీ అద్దె, ఫీజు మీరే కట్టుకోగలిగాక.

శిక్షణకు యూనివర్సిటీనే ఎంచుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఇలా చెప్పడానికి కారణం ఉంది. పనిచేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత ఐపీసీ 377వ సెక్షన్‌లో ఇష్టపూర్వక సంబంధాలను 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నేరం కాదంది, బలవంతం చేస్తే మాత్రం ఆ సెక్షనే వర్తించేది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. దాంతో వయోజన పురుషుడిపై అత్యాచారానికి విడిగా సెక్షన్ లేకుండా పోయింది. విద్యాసంస్థలకు వర్తించే యూజీసీ 2015 నిబంధనలు మాత్రం అబ్బాయిలనూ కాపాడతాయి. బయట ‘రాత్రికి రూముకొచ్చి సీన్ చేసి చూపించు’ అంటే వెళ్లకండి, సెల్ఫ్‌టేప్ (మీరే తీసుకున్న ఆడిషన్ వీడియో) పంపుతానని మెసేజ్‌లోనే రాయండి. ఆడిషన్‌కు డబ్బడిగేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈలోగా పరిషత్తు నాటకాల్లో (నాటక పోటీల్లో) వేయండి, గుంటూరు జిల్లాలో వాటికి లోటు లేదు. క్వయర్‌లో అలవాటైన ఊపిరి పట్టు డైలాగుకూ పనికొస్తుంది.

అగ్రిమెంటులో ‘నిర్మాత పరువుకు భంగం కలిగించే ప్రవర్తన’ అన్న మాట ఉందేమో వెతకండి. మీ గురించి బయటికి తెలిసిన రోజున తీసేయడానికి దాన్నే చూపిస్తారు. ‘కోర్టులో నేరం రుజువైతే’ అని మార్చమనండి. ముద్దు సీన్లు, బట్టలు తీసే సీన్లు ఎంతవరకు చేస్తారో కూడా అందులోనే రాయించండి. ఆదివారం ఆరాధన, గుడ్‌ఫ్రైడే సంగతి డేట్లు ఇవ్వకముందే చెప్పాలి. కాల్‌షీట్ వేశాక అడిగితే యూనిట్ మొత్తానికీ నష్టం, చెడ్డపేరు మీకు. కొత్తవాళ్లకు ప్రతి ఆదివారం దొరకదు. పొద్దున్నే జరిగే ఆరాధనకు వెళ్లి లొకేషన్‌కు రాగలరేమో చూసుకోండి.

గే అని తెలిశాక మన సినిమాల్లో ఎక్కువగా వచ్చేవి వయ్యారాలు పోయే కామెడీ వేషాలే. సీన్ పేపరు అడగండి. నవ్వించడం తప్ప ఆ పాత్రకు వేరే పనేమీ లేకపోతే ఒప్పుకోవద్దు. ఒకటి చేస్తే పదీ అవే వస్తాయి.

చర్చిలో ముందు ఒక్కరికి, మీ మాట మోయగలిగినవాళ్లకే చెప్పండి. ‘మార్చే’ వైద్యం చేయిస్తామని ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అలాంటి చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించిందని చెప్పండి. వినకపోతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.