కనకుండానే పాలొస్తాయా అని అడిగావుగా

గుంటూరు, బ్రాడీపేట

అమ్మడూ,

నిన్న ఫోన్లో, దత్తత తెచ్చుకోబోతున్న పాప సంగతి చెప్తూ చెప్తూ, గొంతు తగ్గించి "పెద్దమ్మా, కనకుండానే పాలొస్తాయా?" అని అడిగావు. పక్కగదిలో మీ అత్తగారు ఉన్నట్టున్నారు, నేను జవాబు చెప్పేలోపే పెట్టేశావు. అయినా ఇది ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను.

వస్తాయి. అందరికీ ఒకేలా రావు. చాలామందికి బిడ్డ కడుపు పూర్తిగా నిండేంత రావు. కానీ వస్తాయి.

పాలు తయారు చెయ్యమని చెప్పేది గర్భసంచి కాదు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. చనుమొన మీద లాగుడు పడేకొద్దీ అది ప్రొలాక్టిన్ వదులుతుంది, దాంతో పాలు ఊరతాయి. ఊరిన పాలని బయటికి నెట్టేది ఆక్సిటోసిన్. మన ఊళ్ళల్లో చేపు అంటామే, అదే. తెనాలి పక్క మా అమ్మమ్మగారి ఊళ్ళో దూడ చచ్చిపోయిన గేదె ముందు, ఆ దూడ తోలులోనే గడ్డి కూరి నిలబెట్టేవాళ్ళు. గేదె దాన్ని నాకుతూ నాకుతూ చేపేది. చిన్నప్పుడు అది చూసి, ఎంత మోసం అని ఏడ్చాను. నర్సు ట్రైనింగులో ఆక్సిటోసిన్ పాఠం చెప్పిన రోజు నాకు ఆ గడ్డిదూడే కళ్ళముందు మెదిలింది. నిన్ను గేదెతో పోల్చానని మీ అమ్మకి చెప్పకు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్క బిడ్డని పెంచుకుంటున్న ఒకావిడ వచ్చి నన్ను ఇదే అడిగింది. నేను నవ్వి, "పాలడబ్బా కొనుక్కోమ్మా" అన్నాను. మా సీనియర్ సిస్టరు ఆ మాట విని నన్నేమీ అనలేదు. ఆవిడని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, సన్నటి ట్యూబుతో ఎలా పట్టాలో చూపించింది. మూడు వారాలు కాబోతుండగా ఆవిడ మళ్ళీ వచ్చి, జాకెట్టు మీద రూపాయి బిళ్ళంత తడి మాకు చూపించింది. నా నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, నీ సంగతికొద్దాం. పాపకి నాలుగు నెలలన్నావు. కారా, అంటే దత్తతలు చూసే కేంద్ర సంస్థ, ద్వారా పొత్తిళ్ళలో బిడ్డ రావడం అరుదే. బిడ్డని అప్పగించిన కన్నవాళ్ళు మనసు మార్చుకోవడానికే చట్టం 2 నెలల గడువిస్తుంది, ఆ తర్వాత కదా మిగతా కాగితాలు. కారా వాళ్ళు చూపించిన పాపని మీరిద్దరూ 48 గంటల్లోపే ఒప్పుకున్నారు కాబట్టి, పాపని ఉంచిన శిశుగృహ వాళ్ళు ఫాస్టర్ కేర్ కింద, అంటే దత్తత ఖాయమయ్యేలోపు పెంచుకోమని, చేతిలో పెట్టేసరికి కొన్ని వారాలు పట్టొచ్చు. కలెక్టర్ దత్తత ఉత్తర్వు ఆ తర్వాత వస్తుంది, దానికోసం నువ్వు ఆగక్కర్లేదు. ఆ కొన్ని వారాలే నీ చేతిలో ఉన్నవి. రేపే మొదలుపెట్టు.

మొదట సూర్యారావుపేటలో నువ్వు చూపించుకునే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ పరీక్షలు చేయించు. కనని మనిషికి ఊరికే పాలొస్తే అది జబ్బు కావచ్చని డాక్టర్లు వెతుకుతారు. నీది కావాలని రప్పించుకుంటున్నది కాబట్టి ముందే చెప్పి ఉంచు.

తర్వాత పాలు తీసే పంపు. రెండు వైపులా ఒకేసారి లాగే ఎలక్ట్రిక్‌ది తీసుకో. రోజుకి 8 సార్లు, ఒక్కోసారి 15 నిమిషాలు. వాటిలో ఒకటి అర్ధరాత్రి దాటాక ఉండాలి. ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది, నిద్రపోతే ఎలా చెప్పు. ముందు వేడినీళ్ళలో పిండిన గుడ్డ రొమ్ము మీద వేసుకో, చేత్తో మెల్లగా నిమురు. పంపు తీశాక చేత్తో కూడా పిండి చూడు. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద పెట్టి, ముందు ఛాతీ వైపుకి నొక్కి, అప్పుడు దగ్గరికి నొక్కాలి. చనుమొన పట్టుకుని లాగితే పుండు తప్ప పాలు రావు.

మొదటి వారం సీసా అడుగున ఏమీ ఉండదు. రెండో వారమూ ఉండకపోవచ్చు. కొందరికి నాలుగు వారాలు పట్టింది. రొమ్ములు బరువెక్కడం, గుచ్చినట్టుండడం, నెలసరి అటూ ఇటూ కావడం ముందు కనిపిస్తాయి. తర్వాత ఎప్పుడో జిగురుగా ఒక చుక్క. ముర్రుపాల కోసం చూడకు, ఇలా రప్పించుకున్నప్పుడు మామూలు పాలే వస్తాయి.

మందుల మాట. కెనడాలో జాక్ న్యూమన్ అనే పిల్లల డాక్టరు, సరోగసీ ద్వారా తల్లయిన లెనోర్ గోల్డ్‌ఫార్బ్‌తో కలిసి ఒక పద్ధతి రాశాడు. గర్భనిరోధక మాత్రలతో ఒంటికి కడుపుతో ఉన్నట్టు అనిపించి, అవి ఆపేసి పంపు మొదలుపెట్టడం, పక్కన డాంపెరిడోన్. దానికి నెలలు కావాలి, నీకంత టైము లేదు. డాంపెరిడోన్ అంటే మనవాళ్ళు గ్యాస్‌కి పొద్దున్నే మింగే మాత్రల్లో పాంటాప్రజోల్‌తో కలిసి ఉంటుందే, అదే. ప్రొలాక్టిన్ పెంచడం దాని పక్కగుణం. కానీ గుండె లయని దెబ్బతీయగలదు కాబట్టి, అమెరికాలో 2004లోనే మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ పాలకోసం దీన్ని వాడొద్దని హెచ్చరించింది. నాకు చెప్పకుండా కొంటావని తెలుసు గనక గట్టిగా చెప్తున్నా: మెడికల్ షాపు అబ్బాయిని అడిగి కొనకు. డాక్టరు ఈసీజీ చూసి రాస్తేనే. గొంతునొప్పికి ఎరిత్రోమైసిన్‌లాంటివి రాసినా, ఫంగస్‌కి ఫ్లూకోనజోల్ రాసినా ఇది వాడుతున్నానని చెప్పి తీరాలి.

తిండి గురించి మీ అత్తగారు చెప్పినవన్నీ తిను. తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, పచ్చి బొప్పాయి కూర, దొరికితే పాలసొర. ఒంటికి మంచివే, ఆవిడకీ చేసిపెట్టే పని ఉంటుంది. వీటితో పాలు పొంగుతాయని మాత్రం నేను నమ్మను. నలభై ఏళ్ళు బాలింతల వార్డు చూశాను. పాలు తీసేకొద్దీ ఊరతాయి, లోపలే ఉంచితే తగ్గుతాయి, అంతకుమించి రహస్యం లేదు. శతావరి పొడి అంటావా, థైరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టర్ని అడక్కుండా వద్దు.

ఇక పాప వచ్చాక. శిశుగృహలో అడగాల్సినవి ముందే రాసి పెట్టుకో: ఏ పాలపొడి, పూటకి ఎన్ని ఎం.ఎల్., ఏ వేళల్లో, సీసాతోనా గిన్నెతోనా, నిద్రపుచ్చేటప్పుడు ఏం చేస్తారు. అదే పాలపొడి, అవే వేళలు కొన్నాళ్ళు నడవనీ. ఇల్లు మారిందని పాపకి అప్పటికే బెంగ ఉంటుంది, దానిమీద ఆకలి పెట్టకు.

నాలుగైదు నెలలు సీసాకి అలవాటైన పిల్ల రొమ్ము చూడగానే నోరు తెరవదు. మొహం తిప్పేస్తుంది, ఏడుస్తుంది. నిన్ను వద్దంటోందని అనుకోకు, ఆ చప్పరింపే వేరు. మొదటి వారం పాలు పట్టే ఉద్దేశమే లేకుండా, పైట తీసి పాపని ఒంటికి ఆనించుకుని పడుకో. ఏసీ మరీ చల్లగా పెట్టకు. పాప సగం నిద్రలో ఉన్నప్పుడు, ఆకలి నకనకలాడకముందే అందించి చూడు. బలవంతంగా తల నొక్కావో, మళ్ళీ దగ్గరికి రాదు.

పట్టుకోగానే ట్యూబు. కొత్తపేట సర్జికల్ షాపుల్లో 5 నంబరో 6 నంబరో ఇన్‌ఫాంట్ ఫీడింగ్ ట్యూబు అడిగితే ఇస్తారు, నేను నాలుగు తెస్తాను. ఒక కొస పాల గిన్నెలో మునిగి ఉండాలి. రెండో కొస చనుమొన కంటే పిసరు ముందుకి వచ్చేట్టు మైక్రోపోర్ టేపుతో అంటించు. పాప చప్పరిస్తే గిన్నెలో పాలు ట్యూబులోంచి నోట్లోకి వెళ్తాయి. నీ రొమ్ముకి లాగుడు, దానికి కడుపు నింపుకోవడం, రెండూ ఒకేసారి. గిన్నె పైకెత్తితే పాలు జోరుగా వస్తాయి, దించితే నెమ్మదిస్తాయి. దగ్గొస్తే దించు. అయిపోగానే సిరంజితో వేడినీళ్ళు ట్యూబులోంచి పంపు, గట్టిపడితే పారేయి.

ట్యూబుకి చిరాకు పడితే ఉగ్గుగిన్నె ఉంది. పాప రొమ్ము నోట్లో పెట్టుకున్నాక, పైనుంచి ఎవరైనా చుక్క చుక్కగా పాలు జారనివ్వాలి. ఇది మీ అత్తగారికి అప్పజెప్పు. "ఇదేం విడ్డూరం" అంటున్న మనిషి చేతికి గిన్నె ఇస్తే, రెండో రోజుకి ఆవిడే చుక్కలు లెక్కపెడుతుంది.

నీ పాలు ఎంతొస్తున్నాయని లెక్కలు వేసి పాలపొడి తగ్గించేయకు. రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఒంటికి పోస్తోందా, వారం వారం బరువు పెరుగుతోందా, ఈ రెండూ చూసి పిల్లల డాక్టరు చెప్తేనే తగ్గించు. పాలపొడి పల్చగా కలపొద్దు, ఆవుపాలు ఏడాది దాటేదాకా వద్దు. ఇంకో రెండు నెలల్లో అన్నప్రాశన, అప్పటికి పాలమీద భారం ఎలాగూ తగ్గుతుంది. పంపుతో తీసిన పాలు బయట 4 గంటలు నిలవుంటాయంటారు. అది 25 డిగ్రీల గది లెక్క, మన బెజవాడ మే నెలది కాదు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెట్టు.

చుట్టాలు యశోదతో పోలుస్తారు, విని ఊరుకో. యశోదకి రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచే పని లేదు. పాప అసలు రొమ్ము పట్టకపోతే సీసాతోనే, ఒంటికి ఆనించుకుని పట్టు. నాకు ఫోన్ చెయ్యి, వచ్చి చూస్తాను. అంతే గానీ ఏడుస్తూ కూర్చోకు.

ఆదివారం పది గంటల బస్సుకి వస్తున్నాను. నీకు పట్టిన వెండి ఉగ్గుగిన్నె మీ అమ్మ దగ్గర ఉంది, అది కూడా తెస్తాను. మూతి కాస్త నొక్కుకుపోయింది, ఫరవాలేదు. పంపు కొన్న బిల్లు మాత్రం పారేయకు, కప్పు సైజు సరిపోకపోతే మార్చుకోవాలి.

నీ పెద్దమ్మ