రౌలింగ్ కూడా డిగ్రీ చదివారు, ఉద్యోగాలూ చేశారు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పాసైంది. మార్కులు బాగానే వచ్చాయి. కానీ డిగ్రీ చదవనంటోంది. ఇంట్లో కూర్చుని పిల్లల కోసం మాయాలోకాల నవలలు రాస్తుందట. కాదంటే చాలు, "జె.కె. రౌలింగ్ చేతిలో చిల్లిగవ్వ లేకుండా కాఫీ షాపులో కూర్చుని రాసింది, కోట్లు సంపాదించింది" అంటుంది. నిజం చెప్పాలంటే బాగానే రాస్తుంది. ఒప్పుకోమంటారా, వద్దనమంటారా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, అది తర్వాత తేల్చుకుందాం. ముందు మీ అమ్మాయి సాక్ష్యానికి పిలుస్తున్న రౌలింగ్ జీవితాన్నే ఇద్దరూ కలిసి సంవత్సరాలతో సహా చదవండి. ఆ సాక్షి కొంత మీ అమ్మాయి వైపు, కొంత మీ వైపు మాట్లాడుతుంది.

హ్యారీ పాటర్ నవలలు రాసిన రౌలింగ్ 1965లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పేదరికం ఎరిగినవాళ్లు, కాలేజీ ముఖం చూడనివాళ్లు. కూతురు ఉద్యోగానికి అక్కరకొచ్చే చదువు చదవాలన్నారు. ఆమెకేమో ఇంగ్లిష్ సాహిత్యం మీద మనసు. చివరికి ఆధునిక భాషల దగ్గర రాజీ పడ్డారు. 2008లో హార్వర్డ్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ఆమె ఈ సంగతి నవ్వుతూ చెప్పారు: అమ్మానాన్నల కారు వీధి చివర మలుపు తిరిగిందో లేదో, జర్మన్ వదిలేసి ప్రాచీన గ్రీకు, రోమన్ సాహిత్యం వైపు పరుగెత్తారట. ఆ మాట ఇంట్లో చెప్పిన గుర్తే లేదట. పట్టా తీసుకునే రోజునే వాళ్లకి తెలిసి ఉంటుందేమో అన్నారు. తల్లిగా మీరు గట్టిగా పట్టించుకోవాల్సింది ఇదే. మనసు లేని సబ్జెక్టులో చేర్పిస్తే పిల్లలు మీకు చెప్పకుండా దారి మార్చుకుంటారు. అప్పట్లో ఎందుకూ పనికిరాదనిపించిన ఆ చదువే తర్వాత ఆమె పుస్తకాల్లో లాటిన్ ధ్వనించే మంత్రాలకీ, పురాణ జంతువులకీ ముడిసరుకైంది.

ఇక మీ అమ్మాయి చదవాల్సిన భాగం. ఎక్సెటర్ యూనివర్సిటీలో 1986లో డిగ్రీ అయ్యాక రౌలింగ్ ఉద్యోగాల్లో చేరారు. లండన్‌లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో పనిచేసినప్పుడు మధ్యాహ్న భోజన విరామంలో కథలు రాసుకునేవారు. హ్యారీ పాటర్ ఊహ తట్టింది 1990లో, మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్లే రైలు ఆలస్యమైనప్పుడు. ఆ ఏడాది చివర్లోనే తల్లి పోయారు. తర్వాత పోర్చుగల్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. అక్కడ పెళ్లి, కూతురు పుట్టడం, విడిపోవడం అన్నీ జరిగాయి. 1993 చివర్లో చంటిబిడ్డతో ఎడిన్‌బరో చేరారు. ప్రభుత్వ భృతి మీద బతికిన రోజులు అవే. కాఫీ షాపు మాట నిజమే, పాప నిద్రపోయాక అక్కడ రాసేవారు. ఇంట్లో వెచ్చదనం లేక అక్కడికి వెళ్లేవారన్నది మాత్రం కట్టుకథ అని ఆమే కొట్టిపారేశారు. ఆ పేదరికం ఆమె ఎంచుకున్నది కాదు, మీద పడింది. పేదరికాన్ని అందంగా ఊహించుకునేది మూర్ఖులేనని హార్వర్డ్‌లోనే అన్నారు కూడా. 1995లో నవల పూర్తిచేసిన ఆవిడ అదే ఏడాది టీచర్ ట్రైనింగ్‌లో చేరారు. రాతప్రతి ప్రచురణకర్తల చుట్టూ తిరుగుతుంటే, తన బతుకుదెరువు తను చూసుకుంటున్నారన్నమాట.

పన్నెండు సంస్థలు తిప్పి పంపాక బ్లూమ్స్‌బరీ అనే ప్రచురణ సంస్థ తీసుకుంది. దాని అప్పటి ఛైర్మన్ నైజెల్ న్యూటన్ ఎనిమిదేళ్ల కూతురు మొదటి అధ్యాయం చదివి మిగతాది కావాలని పట్టుబట్టింది. ఇచ్చిన అడ్వాన్సు 1,500 పౌండ్లు. పుస్తకాన్ని ఎంపిక చేసిన ఎడిటర్ బ్యారీ కన్నింగ్‌హామే, పిల్లల పుస్తకాలతో డబ్బు రాదు, ఓ ఉద్యోగం చూసుకోమని సలహా ఇచ్చారు! 1997 జూన్ 26న గట్టి అట్టతో వేసింది 500 ప్రతులు, అందులో ఎక్కువ భాగం గ్రంథాలయాలకే వెళ్లాయి. తర్వాత అమెరికాలో ప్రచురించే హక్కుల వేలంలో స్కొలాస్టిక్ సంస్థ లక్షా ఐదు వేల డాలర్లు పెట్టింది. ఇప్పుడు హ్యారీ పాటర్ సిరీస్ 60 కోట్ల ప్రతులు దాటింది. అంత అదృష్టం మళ్లీ ఇంకొకరికి పడుతుందని లెక్క వేసుకోకూడదు. రాసుకున్న ఆ ఏళ్లు మాత్రం ఎవరైనా అనుసరించగలిగినవే.

ఆ కష్టం ఎలాంటిదో కళ్లతో చూడాలంటే, ఆ సిరీస్‌లో ఐదో పుస్తకానికి రౌలింగ్ వేసుకున్న పట్టిక ఫొటో మీ అమ్మాయికి చూపించండి. గీతల కాగితం మీద చేత్తో గీసిన గడులు. వరసకో అధ్యాయం. కథ ఏ నెలలో జరుగుతోంది, అధ్యాయం పేరేంటి, ప్రధాన కథ ఎంతవరకు వచ్చింది, ఆ పక్కన ఒక్కో ఉపకథ ఎక్కడుంది అని నిలువు వరసలు. కొన్ని గడుల్లో కొట్టివేతలు. మాయాలోకం రాయడమంటే ఇంత లెక్కాపత్రం ఉంటుంది.

ఈ రంగంలో ఇంకెవరిని చూసినా దాదాపు ఇదే వరస. ఇంగ్లండ్ రచయిత ఫిలిప్ పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్‌లో బడిపంతులుగా పనిచేశారు, తన విద్యార్థుల కోసం నాటకాలు రాసేవారు. అమెరికాలో రిక్ రయర్డన్ కూడా చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పారు. కొడుకుకి రాత్రిపూట చెప్పిన కథలే ఆయనకి పేరు తెచ్చిన పెర్సీ జాక్సన్ సిరీస్ అయ్యాయి. రోజూ పిల్లల మధ్య ఉండటం వీళ్లకి జీతంతోపాటు పాఠకుణ్ణి కూడా పరిచయం చేసింది. నా దృష్టిలో జీతం కన్నా అదే పెద్ద లాభం.

కాబట్టి డిగ్రీ మానొద్దు. ఏ డిగ్రీ అన్నది మాత్రం మీ అమ్మాయికే వదిలేయండి. సాహిత్యం, చరిత్ర, భాషలు, మనస్తత్వశాస్త్రం, ఏదైనా సరే. టీచింగ్, ప్రచురణ సంస్థల్లో ఎడిటింగ్, అనువాదం, యానిమేషన్, వీడియో గేములకు కథలు రాయడం లాంటి దారులు తెరిచే ఉంటాయి. రోజులో ఒక గంట ఆమె రాతకే కేటాయించండి, ఆ గంటలో ఇంటి పని చెప్పకండి. తను రాసింది మీరు పొగడటం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ ఏడాది నవల జోలికి పోకుండా ఒక చిన్న కథ చివరిదాకా పూర్తిచేయమనండి. దాన్ని తొమ్మిది, పదేళ్ల పిల్లలకి చదివి వినిపించమనండి. వాళ్లు ఏ పేజీ దగ్గర దిక్కులు చూడటం మొదలుపెట్టారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి తిరగరాయమనండి.